మా 1975 సెస్నాకు వార్షిక తనిఖీ: ఇద్దరు మెకానిక్‌ల హ్యాంగర్‌పై ఒక సమీక్ష

ఉత్తర టెక్సాస్‌లో, డాలస్ నుండి కారులో గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో ఇద్దరే ఇద్దరు మెకానిక్‌లు నడుపుకుంటున్న మరమ్మతుల హ్యాంగర్ ఒకటి ఉన్నది. 2025 మార్చి చివరి వారంలో మా విమానాన్ని వార్షిక తనిఖీకి అక్కడ అప్పగించి, ఏప్రిల్ రెండవ వారంలో తిరిగి తెచ్చుకున్నాము. ఆ సేవ ఎలా ఉన్నదో, ఇచ్చిన డబ్బుకు ఏమి దక్కిందో, ఎక్కడ లోటు జరిగిందో ఈ సమీక్షలో రాస్తున్నాను. మెప్పుతో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందున హ్యాంగర్ పేరు రాయడం లేదు. అసలు ఈ తనిఖీ అంటే ఏమిటో, చట్టం ఏమి కోరుతుందో తెలియకుండా ఏ హ్యాంగర్‌నైనా మంచిదనీ చెడ్డదనీ తేల్చడం కుదరదు కాబట్టి ఆ సంగతులు కూడా దారిలో చెబుతాను. విమానం కొన్న మొదటి రెండేళ్లు ఆ సంగతులు తెలియకనే నేను ఎక్కువ డబ్బు పోగొట్టుకున్నాను.

మాది 1975లో తయారైన సెస్నా 172ఎం. నాలుగు సీట్లు, రెక్కలు పైన, నూట యాభై గుర్రపు శక్తి గల లైకమింగ్ ఓ-320 ఇంజను. నేనూ, మరొక తెలుగు మిత్రుడూ సగం సగం వాటాతో కొన్నాము. 1956లో అమ్మకాలు మొదలైన ఈ నమూనా ఇప్పటికి నలభై నాలుగు వేలకు పైగా తయారయింది. 1986లో తయారీ ఆగిపోయి, తయారీదారుల బాధ్యతను పద్దెనిమిది సంవత్సరాలకు పరిమితం చేస్తూ 1994లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసిన తరువాత, 1996లో కాన్సాస్ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్‌లో మళ్ళీ మొదలయింది. ఈ మధ్యకాలపు ఖాళీ వల్లనే ఇక్కడ చిన్న విమానాశ్రయాలలో కనిపించే 172లలో చాలా భాగం యాభై ఏళ్ల వయసువి. యాభై ఏళ్ల కారును ఎవరూ రోజూ నడపరు గాని యాభై ఏళ్ల విమానాన్ని నిశ్చింతగా నడుపుతారు. ఆ నిశ్చింత ఊరికే రాలేదు.

మా బావమరిది ఈ బిల్లు చూసి, "కారుకు చేయించినట్టే కదా బావా, స్టిక్కర్ అంటించి పంపించెయ్యరూ?" అన్నాడు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుండి సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీనే ఎత్తివేశారు; కొన్ని జిల్లాలలో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. విమానానికి అటువంటి సడలింపు లేదు. సొంతంగా, సరదాకు, ఏడాదికి పది గంటలే ఎగిరినా సరే, గడచిన పన్నెండు క్యాలెండర్ నెలలలో వార్షిక తనిఖీ పూర్తయి లాగ్‌బుక్‌లో సంతకం పడి ఉంటే తప్ప విమానం నేల విడవరాదని అమెరికా పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నిబంధనలలోని తొంభై ఒకటవ భాగం చెబుతుంది. ఈ సంతకం పెట్టే అర్హత కూడా అందరు మెకానిక్‌లకూ ఉండదు. ఇంజనుకూ విమాన దేహానికీ లైసెన్సు పొందిన ఏ అండ్ పీ మెకానిక్ అయి ఉండి, ఆపై ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ అనే మరొక అనుమతి సంపాదించినవారే వార్షిక తనిఖీకి సంతకం చేయగలరు. వారిని ఇక్కడ అందరూ 'ఐఏ' అంటారు. ఈ హ్యాంగర్‌లోని ఇద్దరిలో పెద్దాయన ఐఏ, చిన్నవాడు ఏ అండ్ పీ.

క్యాలెండర్ నెలల లెక్కలో ఒక మెలిక ఉన్నది. మా పాత తనిఖీ 2024 మార్చి 6న పూర్తయింది. అయినా అది 2025 మార్చి 5తో ముగియదు, మార్చి 31 రాత్రి వరకు చెల్లుతుంది. మార్చి మొదటి వారంలోనే రమ్మంటారేమోనని ఫోన్ చేస్తే పెద్దాయన, "ఇరవై నాలుగున ఎగురుకుంటూ రండి, సంతకం ఏప్రిల్‌లో పడుతుంది, అప్పుడు వచ్చే ఏడాది ఏప్రిల్ 30 వరకు మీకు గడువు ఉంటుంది" అన్నారు. గడువు దాటాక హ్యాంగర్‌కు ఎగిరి రావాలంటే ప్రత్యేక అనుమతి పత్రం తీసుకోవలసి వస్తుందని, కాబట్టి మార్చి లోపలే రావడం ముఖ్యమని కూడా ఆయనే గుర్తు చేశారు. అంతకుముందు మేము వెళ్ళిన పెద్ద దుకాణం ఏటా రెండు మూడు వారాలు ముందుకు జరుపుతూ, నాలుగేళ్లలో మాకు ఒక నెలకు పైగా గడువును ఊరికే కరిగించింది. ఈ ఒక్క సలహాతోనే ఈ హ్యాంగర్‌పై నాకు మొదటి గురి కుదిరింది.

మరొక అపోహ వంద గంటల తనిఖీ గురించి. అద్దె తీసుకొని మనుషులను ఎక్కించుకునే విమానాలకూ, శిక్షకుడే విమానాన్ని సమకూర్చి డబ్బుకు పాఠాలు చెప్పే విమానాలకూ ప్రతి వంద గంటలకు ఒక తనిఖీ అదనంగా ఉండాలి. పైలట్ శిక్షణ కోసం ఇక్కడికి వచ్చే మన పిల్లలు ఎక్కేవి ఆ కోవలోవి. సొంత విమానంలో సొంతంగా ఎగిరేవారికి అది వర్తించదు. మన విమానంలోకి మనమే ఒక శిక్షకుడిని పిలిపించుకొని రుసుము ఇచ్చి నేర్చుకున్నా వర్తించదు. మా పాత దుకాణం రెండవ సంవత్సరంలో మాకు వంద గంటల తనిఖీ పేరిట ఒక బిల్లు వేసింది. అది అవసరమా అని అడగాలన్న జ్ఞానం అప్పటికి మాకు లేదు.

ఇక పని విషయానికి వస్తాను. వార్షిక తనిఖీకి ముందు అవసరమైన కవర్లు, మూతలు, ఇంజను మీది రేకు కప్పు (కౌలింగ్) అన్నీ విప్పి, విమానాన్నీ ఇంజనునూ శుభ్రంగా కడగాలని నిబంధనలలోనే రాసి ఉంటుంది. ఏ భాగంలో ఏమి చూడాలో ఆ నిబంధనల నలభై మూడవ భాగపు డి అనుబంధం వరుసగా చెబుతుంది. చూసేవారు చెక్‌లిస్టు చేతబట్టి చూడాలన్నదీ నిబంధనే. ఈ హ్యాంగర్ వారు విప్పడం, కడగడం, తిరిగి బిగించడం మాకు అప్పగించారు. పర్యవేక్షణ ఉంటే లైసెన్సు లేని యజమాని కూడా ఈ పనులలో చేయి వేయవచ్చు. మేమిద్దరమూ శనివారం పొద్దున్నే వెళ్ళి సీట్లు తీసి, కింద పరిచిన తివాచీ మడిచి, రెక్కల కింది గుండ్రటి మూతలు ఒక్కొక్కటిగా విప్పి, ఏ మరలు ఏ మూతవో కలిసిపోకుండా అట్టముక్కలకు గుచ్చి పెట్టాము. తోక భాగంలోకి టార్చి వేసి చూస్తే ఎప్పటిదో ఎండిన పిట్టగూడు, గుప్పెడు గడ్డి కనిపించాయి. దానికి ఆనుకొనే విమానం ముక్కును ఎత్తి దించే తోక పలకను (ఎలివేటర్‌ను) నడిపే తీగలు సాగుతున్నాయి. నాలుగేళ్లుగా ఏటా ఎవరో ఒకరు ఆ మూత విప్పినట్టు లాగ్‌బుక్ చెబుతున్నది.

రెండవ రోజు కంప్రెషన్ పరీక్ష. సిలిండర్‌లోకి ఎనభై పౌండ్ల పీడనంతో గాలి పంపి, అందులో ఎంత నిలిచిందో రెండవ మీటరులో చూస్తారు. మా నాలుగు సిలిండర్లకు వరుసగా 76, 74, 77, 68 వచ్చాయి. నాలుగవది తక్కువ. చిన్నవాడు నన్ను పిలిచి చెవి పొగగొట్టం దగ్గర పెట్టమన్నాడు. సన్నగా బుస కొడుతున్న శబ్దం వినబడింది. గాలి అక్కడ బుసకొడితే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే గొట్టంలో వినబడితే పిస్టన్ రింగులు, కార్బురేటర్ వైపు వినబడితే ఇన్‌టేక్ వాల్వు అని చెప్పాడు. తరువాత స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టం దూర్చి ఆ వాల్వు ముఖాన్ని తెర మీద చూపించాడు. కాలిపోతున్న వాల్వు మీద ఒక పక్క మాత్రమే రంగు మారి అర్ధచంద్రాకారంలో మచ్చ కనిపిస్తుందట; మా వాల్వు మీద రంగు నడిమి నుండి అంచు దాకా సమంగా వలయాలుగా ఉన్నది. పెద్దాయన నిర్ణయం ఇది: సిలిండర్ ఊడదీయనక్కరలేదు, వాల్వు కూర్చునే చోట మసి పట్టి ఉండవచ్చు, పది గంటలు ఎగిరి మళ్ళీ రండి, ఉచితంగా కొలుస్తాను. లైకమింగ్ సూచనల ప్రకారం అరవైకి దిగువకు పడినప్పుడు ఊడదీయడం గురించి ఆలోచించాలి. మాది అంత దిగువకు పడలేదు. పది గంటల తరువాత కొలిస్తే 73 వచ్చింది. అదే రోగానికి పాత దుకాణంలో ఒకప్పుడు సిలిండర్ మార్పించుకొని, రెండు వేల డాలర్లకు పైగా కట్టిన వాళ్లం మేము. అప్పటి అంకె 66, బోరోస్కోప్ ముచ్చటే రాలేదు.

ఇంతలోనే అసలు లోపం బయటపడింది. ఈ విమానాలలో చలికాలపు వెచ్చదనం ఎలా వస్తుందో తెలిస్తే దాని తీవ్రత అర్థమవుతుంది. ఇంజను పొగ వెళ్ళే మఫ్లర్ చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. బయటి చల్లగాలి ఆ తొడుగుకూ మఫ్లర్‌కూ నడుమ పారి వేడెక్కి మనం కూర్చున్న చోటికి వస్తుంది. మఫ్లర్ చీలితే అదే దారిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తున్నట్టు మాత్రం ఉంటుంది. చిన్నవాడు తొడుగు విప్పి, మఫ్లర్‌లోకి కొద్దిగా గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు చల్లగానే అతుకు దగ్గర వెంట్రుక వాసి చీలిక వెంబడి బుడగలు లేచాయి. తొడుగు విప్పకుండా ఇది కనిపించే లోపం కాదు. మునుపటి ఏడాది లాగ్‌బుక్‌లో పొగగొట్టాలు చూశామని ఒక వాక్యం ఉన్నది. తొడుగు మరల మీద మట్టి పేరుకొని ఉన్న తీరును బట్టి అవి చాలా ఏళ్లుగా కదలలేదని పెద్దాయన అన్నారు. ఆ చలికాలమంతా మా పిల్లలను ఎక్కించుకొని హీటర్ వేసుకొనే తిరిగాము. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే నలభై డాలర్ల చిన్న పరికరాన్ని నేను ఆ సాయంత్రమే కొన్నాను.

తరువాత డైరెక్టివ్‌ల వంతు. ఒక నమూనా విమానాలలో ప్రమాదకరమైన లోపం ఉన్నదని తేలితే ఎఫ్ఏఏ ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్ జారీ చేస్తుంది. ఏడీ అని పిలుస్తారు. అది సలహా కాదు, చట్టం. కొన్ని ఒక్కసారి చేస్తే తీరిపోతాయి, కొన్ని ప్రతి ఏటా లేదా ఇన్ని గంటలకొకసారి మళ్ళీ మళ్ళీ చేయాలి. సెస్నా యజమానులందరికీ కంఠతా వచ్చినది సీటు పట్టాల ఏడీ. 1987లో వచ్చిన ఉత్తర్వు స్థానంలో 2011లో వచ్చినది ఇప్పుడు అమలులో ఉన్నది. పైకి లేచే సమయంలో ముక్కు పైకెత్తగానే సీటు పట్టు తప్పి వెనక్కి జారితే, పైలట్ ఆధారం కోసం పట్టుకునేది చేతిలోని నియంత్రణ చక్రాన్నే. దాన్ని వెనక్కి లాగితే విమానం ముక్కు ఇంకా పైకి లేస్తుంది, నేల దగ్గరలోనే వేగం చచ్చి కూలుతుంది. ఇలా ప్రాణాలు పోయిన తరువాతనే ఆ ఏడీ వచ్చింది. పట్టాల రంధ్రాలు అరిగాయా, పగుళ్లు ఉన్నాయా, సీటు పిన్ను రంధ్రంలో సరిపడా దిగుతున్నదా అని గేజుతో కొలుస్తారు. మా పైలట్ సీటు పట్టాలో రెండు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయి కొలత దాటాయి, పట్టా మార్చారు.

మా ఊరి విమానాశ్రయంలో పైపర్ చెరోకీ విమానం ఉన్న పొరుగాయనకు ఇంకో రకం ఆందోళన. 2018 ఏప్రిల్ 4న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఎంబ్రీ-రిడిల్ విశ్వవిద్యాలయానికి చెందిన పైపర్ శిక్షణ విమానానికి గాలిలోనే రెక్క ఊడిపోయి ఇద్దరు మరణించారు. రెక్కను దేహానికి కలిపే స్పార్ దూలంలో బోల్టు రంధ్రం దగ్గర లోహం అలసి పగిలిందని తేలడంతో, చెరోకీ కుటుంబపు విమానాలలో అనేకం బోల్టులు తీసి, కంటికి కనబడని పగుళ్లను పట్టే ఎడ్డీ కరెంట్ పద్ధతిలో పరీక్షించుకోవాలని 2021లో ఏడీ అమలులోకి వచ్చింది. అంతకుముందు ఏటా సంతకాలు పడుతున్న విమానాలే అవన్నీ. కంటితో చూసే తనిఖీకి ఉన్న హద్దు ఎక్కడో ఆయన చెరోకీ చూసినప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది.

ఈ హ్యాంగర్ నాకు నచ్చడానికి పెద్ద కారణం తరువాత జరిగిన సంభాషణ. వారం తిరిగేసరికి పెద్దాయన మమ్మల్ని బల్ల ముందు కూర్చోబెట్టి ఒక కాగితం చూపించారు. చేయకపోతే తాను సంతకం చేయలేనివి ఒకవైపు, చట్టం కోరకపోయినా తన విమానమైతే చేయించుకునేవి మరొకవైపు, వచ్చే ఏడాదికి ఆగగలిగినవి కింద రాశారు. మొదటి వైపు మూడే ఉన్నాయి: మఫ్లర్, సీటు పట్టా, ఎడమ బ్రేకు డిస్కు. రెండవ వైపు స్పార్క్ ప్లగ్‌లకు విద్యుత్తు పుట్టించే మ్యాగ్నెటోలను విప్పి చూడడం ఉన్నది. ప్రతి అయిదు వందల గంటలకు చేయమని తయారీదారు చెబుతారు, మాకు ఆరు వందలు దాటాయి. ఒప్పుకున్నాము. ఆగగలిగిన వాటిలో రంగు పెచ్చులూడిన చోట్లు, వడగళ్ల వానకు రెక్క మీద పడిన సొట్టలు, పాత ఇంజను మౌంటు రబ్బర్లు ఉన్నాయి.

ఇంజనును పూర్తిగా విప్పి బాగుచేసే ఓవర్‌హాల్ గురించి అడిగాను. లైకమింగ్ మా ఇంజనుకు రెండు వేల గంటలు లేదా పన్నెండు సంవత్సరాలు అని గడువు సూచించింది. మాకు 1,740 గంటలు, పంతొమ్మిది సంవత్సరాలు అయ్యాయి. సొంతానికి ఎగిరే విమానానికి ఆ గడువు కట్టుబాటు కాదు, సూచనే. పాత దుకాణంవారు ఏటా ఈ సంఖ్యలు చూపించి బెదిరించేవారు. ఈయన మాత్రం కోసి తెరిచిన ఆయిల్ ఫిల్టర్ కాగితాన్ని బల్ల మీద విసనకర్రలా పరిచి, అయస్కాంతం తిప్పి చూపించి, "లోహపు పొడి లేదు, ఆయిల్ విశ్లేషణలో అంకెలు కదలలేదు, నడిపించండి, వారానికి ఒక గంటైనా నడిపించండి" అన్నారు. హ్యాంగర్‌లో కదలకుండా పడి ఉన్న ఇంజనుకు లోపల క్యామ్‌షాఫ్ట్ మీద తుప్పు పడుతుందని, ఎక్కువ గంటలు తిరిగిన ఇంజను కన్నా తిరగని ఇంజనుకే తాను భయపడతానని ఆయన మాట.

పాత దుకాణంతో మాకు జరిగిన గొడవ ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది యజమానులకు తెలియని నిబంధన ఒకటి అందులో దాగి ఉన్నది. మూడేళ్ల క్రితం వారు ఒక పెద్ద మరమ్మతు అవసరమన్నారు, మేము రెండవ అభిప్రాయం కావాలన్నాము, పని పూర్తయ్యేవరకు తనిఖీ పూర్తికానట్టేనని వారు భీష్మించారు. నిజానికి తనిఖీ వేరు, మరమ్మతు వేరు. విమానం ఎగరడానికి తగిన స్థితిలో లేదని ఐఏ భావిస్తే, తనిఖీ పూర్తయిందని రాసి, లోపాల జాబితాపై తేదీ వేసి సంతకం పెట్టి యజమానికి ఇవ్వాలి. ఆ లోపాలను వేరే ఏ అండ్ పీ మెకానిక్ ఎవరైనా సరిచేసి సంతకం చేయవచ్చు; మళ్ళీ కొత్తగా వార్షిక తనిఖీ చేయించనక్కరలేదు. విమానాన్ని మరో చోటికి తీసుకెళ్ళాలంటే ప్రత్యేక ఎగురుదల అనుమతి అడగవచ్చు. ఇది తెలియక ఆనాడు తలవంచి డబ్బు కట్టాము. ఈసారి పని మొదలుకాకముందే ఈ ప్రశ్న వేస్తే పెద్దాయన నవ్వి, "నా సంతకం తనిఖీకి, మరమ్మతు ఎవరి దగ్గరైనా చేయించుకోండి" అన్నారు.

ఇక ఫిర్యాదులు. ఎనిమిది పని దినాలు అన్నది పంతొమ్మిది రోజులు పట్టింది. బాగుచేసిన మఫ్లర్ బయటి నుండి రావడానికి వారం పట్టడం వారి తప్పు కాదు. కానీ ఆ వారంలో నాలుగు రోజులు మాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు, మేము చేస్తే ఎత్తలేదు. ఇద్దరు మనుషుల దుకాణం కాబట్టి సరిపెట్టుకోవచ్చు గాని, సెలవు పెట్టుకొని విమానం కోసం అంత దూరం రావలసినవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

రెండవది మరింత ముఖ్యమైనది. లాగ్‌బుక్‌లో మొదట రాసిన వాక్యం 'వర్తించే ఏడీలన్నీ పాటించబడినవి' అని మాత్రమే ఉన్నది. అటువంటి వాక్యం మెకానిక్‌కు సుఖం, యజమానికి దండగ. ఏ ఏడీ, దాని సంఖ్య, సవరణ తేదీ, ఏ పద్ధతిలో పాటించారు, మళ్ళీ మళ్ళీ చేయవలసినదైతే తరువాత ఎన్ని గంటలకు లేదా ఏ తేదీకి అన్నది యజమాని దగ్గర రికార్డు ఉండాలని నిబంధన స్పష్టంగా చెబుతుంది. విమానం అమ్మినప్పుడు ఆ రికార్డు కొన్నవారికి బదిలీ కావాలి. తిప్పి పంపిస్తే రెండు రోజులలో పూర్తి జాబితా అంటించి ఇచ్చారు, కాకపోతే అడిగేవరకు ఇవ్వలేదు. విమానాన్ని ఎగరడానికి తగిన స్థితిలో ఉంచే ప్రధాన బాధ్యత యజమానిదీ నడిపేవారిదీ అని చట్టం రాసి పెట్టింది. మెకానిక్ తాను చేసిన పనికి జవాబుదారీ. ఏది ఎప్పుడు చేయించాలో చూసుకోవలసింది మనమే.

మూడవది ట్రాన్స్‌పాండర్. రాడార్‌కు మన ఉనికి చెప్పే ఈ పరికరాన్ని ప్రతి ఇరవై నాలుగు క్యాలెండర్ నెలలకు పరీక్షించాలి. మేఘాలలో పరికరాల సాయంతో ఎగిరేవారైతే ఎత్తు చూపే మీటరు వ్యవస్థను కూడా అదే గడువులో పరీక్షించుకోవాలి. ఇవి వార్షిక తనిఖీలో భాగం కావు, వేరే అర్హత గల వర్క్‌షాపులు చేస్తాయి. మా ట్రాన్స్‌పాండర్ గడువు మే నెలాఖరుకు ముగుస్తున్నది. లాగ్‌బుక్ మొత్తం తిరగేసిన హ్యాంగర్‌వారు ఆ మాట ఒక్క ముక్క చెప్పలేదు. డాలస్ పెద్ద విమానాశ్రయం చుట్టూ ముప్పై నాటికల్ మైళ్ల వలయంలో ట్రాన్స్‌పాండర్ లేకుండా తిరగడానికి వీల్లేదు, మా ఇల్లు ఆ వలయంలోనే ఉన్నది. నా పట్టికలో ఆ తేదీ ఉండబట్టి సరిపోయింది. ప్రమాదంలో సంకేతం పంపే ఈఎల్‌టీని మాత్రం శ్రద్ధగా పరీక్షించి, బ్యాటరీ గడువు తేదీని కూడా రాశారు. అది కూడా ఏటా చేయవలసినదే. మా ఈఎల్‌టీ పాత రకం, దాని 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి నుండి వినడం మానేశాయి, ఇప్పుడు 406 రకమే వింటాయి. చట్టప్రకారం మాది చెల్లుతుంది గాని, మార్చుకోమని ఆయన చెప్పింది సబబే.

బిల్లు లెక్క ఇది. తనిఖీకి స్థిర రుసుము 1,600 డాలర్లు, మరమ్మతులకు గంటకు 110 చొప్పున పద్నాలుగు గంటలకు 1,540, విడిభాగాలకు 1,130, మొత్తం 4,270 డాలర్లు. విప్పడం, బిగించడం మేము చేసినందుకు స్థిర రుసుములో నాలుగు వందలు తగ్గించిన తరువాతి అంకె అది. ఇద్దరి మధ్య పంచుకుంటే తిలా పాపం తలా పిడికెడు. పాత దుకాణం స్థిర రుసుము ఇంతకన్నా తక్కువే ఉండేది, అయినా ఏ ఏడూ ఆరు వేలకు తగ్గి బయటపడలేదు. కాబట్టి ఫోన్‌లో స్థిర రుసుము అడిగి పోల్చుకునేవారికి ఒక మాట: ఆ అంకె వల్ల తెలిసేది చాలా తక్కువ. అందులో ఏమేమి విప్పుతారు, ఏడీల పరిశోధన కలిసి ఉన్నదా, మఫ్లర్ తొడుగు తీస్తారా అని అడగండి.

డబ్బు కన్నా నాకు ఎక్కువ విలువైనది చిన్నవాడు నేర్పిన పాఠం. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉన్న యజమాని కొన్ని ముందుజాగ్రత్త పనులను సొంతంగా చేసుకొని, సొంతంగా సంతకం చేయవచ్చు: ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్‌లు శుభ్రం చేసి సందు సరిచేయడం, టైర్లు మార్చడం, చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టడం, బ్యాటరీ, దీపాలు మార్చడం వంటివి. చేసిన పని, తేదీ, సంతకం, లైసెన్సు సంఖ్య, రకం లాగ్‌బుక్‌లో రాయాలి. ఫిల్టర్‌ను ఎలా కోయాలో, సేఫ్టీ వైరును మర విప్పుకునే దిశకు ఎదురుగా లాగేలా ఎలా మెలివేయాలో అతను నా చేత మూడుసార్లు చేయించాడు. మొదటి రెండూ కత్తిరించి పారేశాడు. యాభై గంటలకొకసారి ఆయిల్ నేనే మారుస్తున్నాను.

చిన్నప్పుడు బేగంపేటలో గోడ బయట నిలబడి శిక్షణ విమానాలు చూసిన వాడిని కాబట్టి, మన దేశంలో ఈ వ్యవహారం ఎలా ఉంటుందని కొందరు అడుగుతుంటారు. అక్కడ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం, విమానం ఎగరడానికి తగినదని చెప్పే ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ సర్టిఫికెట్‌ను ఏటా పొందాలి. ఇక్కడ ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉండదు. మా విమానంలో అతికించి ఉన్న కాగితం 1975 నాటిదే. నిబంధనల ప్రకారం నిర్వహిస్తున్నంతకాలం అది చెల్లుతుంది, నిర్వహించకపోతే కాగితం ఉన్నా చెల్లదు.

ఏప్రిల్ 11 సాయంత్రం సంతకం పడింది. మరమ్మతు తరువాతి మొదటి ప్రయాణంలో ఎవరినీ ఎక్కించుకోకూడదన్నది మా ఇద్దరి ఒప్పందం. మరునాడు ఉదయం గంటసేపు విమానం చుట్టూ తిరిగాను. నియంత్రణ చక్రం ఎడమకు తిప్పితే ఎడమ రెక్క చివరి కదిలే పలక (ఎయిలెరాన్) పైకి లేస్తున్నదా, ట్రిమ్ చక్రం తిప్పిన వైపుకే తోక మీది పలక కదులుతున్నదా, ఆయిల్ మూత బిగిసి ఉన్నదా అని చూసుకున్నాను. రెక్క మొదట్లో ఉండే కవరుకు రెండు మరలు లేవు. అట్టముక్కకు గుచ్చి పెట్టినవి అక్కడే బల్ల మీద దొరికాయి; ఆ కవరు బిగించింది మేమే కాబట్టి ఈ లోటును హ్యాంగర్ ఖాతాలో వేయలేను. తరువాత విమానాశ్రయం మీదనే మూడు వేల అడుగుల ఎత్తున అరగంట చక్కర్లు కొట్టి దిగాను. కొత్త పరికరం తెర మీద కార్బన్ మోనాక్సైడ్ అంకె హీటర్ వేసినా సున్నా దగ్గరే నిలిచింది.

వచ్చే ఏప్రిల్‌కు ఈ హ్యాంగర్‌కే వెళుతున్నాము. ఏడీల జాబితా మేమే ముందుగా తయారుచేసి తీసుకెళతామని, మూడు రోజులకొకసారి ఒక సందేశమైనా పంపాలని పెద్దాయనతో మాట అయింది. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు, రెండవదానికి ప్రయత్నిస్తానన్నారు.